పొలం ఒకరిది, పంట ఇంకొకరిది



తుపాను వస్తోందని వినగానే మన వైపు ఎవరైనా మొదట అడిగేది ఒకటే. తీరం ఎక్కడ దాటుతుందట? బాపట్ల దగ్గరా, మచిలీపట్నం దగ్గరా, లేక పైకి వెళ్లిపోతుందా? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే దాటింది. ఆ రెండు మూడు రోజులూ దేశమంతా బాపట్ల పేరు విన్నది. గాలి తగ్గింది, కరెంటు వచ్చింది, టీవీల వాళ్లు వెళ్లిపోయారు. ఆ తరవాత నెలల తరబడి పొలం గట్ల మీదా, ఆఫీసుల వరండాల్లోనూ, ఫోన్లలోనూ నడిచిన వ్యవహారం ఒకటుంది. ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మాది నందివెలుగు. గుంటూరు నుంచి తెనాలి వచ్చే దారిలో, అగస్త్యేశ్వరస్వామి గుడి ఉన్న పాత ఊరు. సీతానగరం దగ్గర కృష్ణ నుంచి బయలుదేరే పడమటి కాలువ నీళ్లతోనే మా చుట్టుపక్కల ఊళ్లు బతుకుతున్నాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట నాటి నుంచి, 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ దాకా, మా తాత ముత్తాతల కథంతా ఆ కాలవ గట్ల మీదే జరిగింది. మాగాణి ఊరు. వరి మా తొలి పంట. వరి కోశాక మినుమో, జొన్నో, మొక్కజొన్నో.

వరిలో మా వాళ్లు ఏళ్లుగా నమ్ముకున్నది బి.పి.టి. 5204. సాంబమసూరి అంటే అందరికీ తెలుసు. బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టి 1986లో విడుదలైన వంగడం. బియ్యం సన్నం, అన్నం రుచి. కాని పంటకాలం ఇంచుమించు 150 రోజులు, పైగా కంకి బరువెక్కాక గట్టి గాలి వస్తే చేను నిలవదు. జులైలో నారు పోస్తే సరిగ్గా తుపానుల రోజులకి కోతకొస్తుంది. మిచౌంగ్ వచ్చేనాటికి కొందరి చేలు కోసి పనల మీదున్నాయి, కొందరు కుప్పలు వేశారు, ఎక్కువ చేలు కోతకు సిద్ధంగా నిలబడి ఉన్నాయి. వాన వెలిశాక చూస్తే నిలబడ్డవి నీళ్లలో పడుకున్నాయి, పనలు తేలుతున్నాయి. కుప్పల మీద పట్టలు కప్పినవాళ్లకి కూడా అడుగునుంచి తేమెక్కింది. నాలుగు రోజులు గడిచేసరికి కంకి మీదే మొలకలొచ్చాయి. ఆ మొలకలు చూసి నోట మాట రాక గట్టు మీద కూలబడిన మనుషుల్ని నేను చూశాను.

నష్టం రాసుకోవడానికి సిబ్బంది వచ్చారు. వాళ్ల పని వాళ్లు చేశారు, వాళ్లని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తడం లేదు. సర్వే నంబరు అడిగారు, ఎన్ని సెంట్లు అని అడిగారు, పాసు పుస్తకం ఎవరి పేరున ఉందని అడిగారు. అక్కడ ఆగింది వ్యవహారం. మోకాళ్ల దాకా నీళ్లలో దిగి పనలు ఎత్తి గట్టున వేస్తున్న మనిషి పేరు ఆ పుస్తకంలో లేదు. అందులో పేరున్నవారు హైదరాబాదులో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, డాలస్‌లో ఉన్నారు. కౌలు కార్డు ఉండి, ప్రభుత్వ ఈ-పంట రికార్డులో సాగు చేసేవాడుగా పేరెక్కితే దారి ఉంది. అవి రెండూ లేనివాడు తన కళ్లముందు మునిగిన తన పంటకి తానెవరో రుజువు చేసుకోవాలి.

పంట నష్టానికి ఇచ్చే పెట్టుబడి రాయితీకి కేంద్రం పెట్టిన నిబంధనలున్నాయి. మూడో వంతు, అంటే 33 శాతం, అంతకు మించి పంట పోతే లెక్కలోకి వస్తుంది. మిచౌంగ్ నాటికి నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకు 17,000 రూపాయలు. మన ఎకరం లెక్కలో ఏడు వేలకు కాస్త తక్కువ. పోయినదాంతో పోలిస్తే అది ఏపాటి? అయినా రెండో పంటకి విత్తనం కొనుక్కోవడానికి అదే దిక్కు. ఆ కాస్త డబ్బూ ఎవరి ఖాతాలో పడాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మా ఊరి పక్క ఊళ్లో నాకు తెలిసిన కౌలు రైతు ఒకాయన ఉన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఇద్దరి పొలం కౌలుకి చేస్తాడు. అందులో ఒకరు సాయం సొమ్ము పడిన రోజే ఫోన్ చేసి, "నీ డబ్బు నా ఖాతాలో పడిందిరా, పంపిస్తున్నాను" అన్నారట. "నీ డబ్బు" అన్నారని వాడు నాకు రెండుసార్లు చెప్పాడు. రెండోవారు ఏమీ చెప్పలేదు. వీడే మొహమాటపడుతూ అడిగితే, "పొలానికి వచ్చింది కదా, కౌలు బాకీలో చూసుకుందాంలే" అన్నారు. నేను ఉండబట్టలేక, "గట్టిగా అడగకపోయావా?" అన్నాను.

"ఎట్టా అడగను మాస్టారూ? గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకోళ్లకిస్తారు" అన్నాడు.

ఆ జవాబులో మా డెల్టా అంతా ఉంది. పొలం కోసం పోటీ ఉంది, కాగితం లేదు, ఏడాది తిరిగేసరికి ఎవరి పొలం ఎవరి చేతికి వెళుతుందో తెలియదు.

కౌలు లెక్క ఎట్లా ఉంటుందో పట్నంలో ఉన్న శ్రోతలకి చెప్పాలి. మా వైపు మక్తా పద్ధతి. పండినా ఎండినా ఎకరాకి ఇన్ని బస్తాలని ముందే మాట. మాటవరసకి ఎకరానికి 30 బస్తాలు పండిందనుకుందాం, 20 బస్తాలు కౌలు అనుకుందాం. చేసినవాడికి మిగిలింది 10 బస్తాలు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తా లెక్కన 10 బస్తాలంటే 18 వేలకు కాస్త తక్కువ. దమ్ము, నాట్లు, ఎరువు, పురుగుమందు, కోత మిషను బాడుగ, అన్నీ ఇందులోంచే రావాలి. ఇంటిల్లిపాది చేసిన చాకిరీకి కూలి కట్టుకుంటే ఇంకేమీ ఉండదు. అందుకే కౌలుదార్లు, "మొదటి పంట కామందుకి, రెండో పంట మాకు" అంటుంటారు. వాళ్ల ఆశంతా మినుము మీదా మొక్కజొన్న మీదా ఉంటుంది. డిసెంబరు తుపాను ఆ రెండో పంట అదునుని కూడా తీసుకుపోతుంది, పొలం ఆరేదాకా విత్తనం పడదు కాబట్టి.

ఇక అప్పు. పాసు పుస్తకం ఉన్నవాడికి బ్యాంకులో పంట రుణం మూడు లక్షల దాకా ఏడు శాతం వడ్డీకి దొరుకుతుంది, గడువులోగా కడితే నాలుగు శాతమే పడుతుంది. కౌలుదారుకి బయట దొరికేది రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. గట్టి హామీ లేకపోతే మూడు రూపాయలు. ఒకే పొలం, ఒకే పంట, అప్పులు ఇట్లా వేరు. కార్డు ఉన్న కౌలుదారు బ్యాంకుకి వెళ్లినా, "ఈ సర్వే నంబరు మీద ఇప్పటికే లోను ఉంది" అనే మాట వినాల్సి వస్తుంది, యజమాని అప్పటికే తీసుకుని ఉంటే. ధాన్యం అమ్మకంలోనూ అదే చిక్కు. రికార్డులో పేరు లేకపోతే ఇంకొకరి పేరు మీద అమ్మి, ఇంకొకరి ఖాతాలో పడిన డబ్బు కోసం వాళ్ల ఇంటికి తిరగాలి.

కేంద్రం 2019 నుంచి పి.ఎం. కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు ఇస్తోంది. భూమి ఉన్న కుటుంబాలకే అది. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు సీజనుకి ఎకరాకి 4,000 రూపాయలిచ్చారు. పట్టాదారులకే ఇచ్చారు. సాగుకి సాయమని పెట్టిన పథకాలు సాగు చేసేవాణ్ణి దాటి వెళ్లాయి. దేశంలో కౌలు సేద్యం బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దగ్గర ఇది ఎక్కడో ఒకరిద్దరికి జరిగే అన్యాయం కాదు, ఊళ్లకు ఊళ్ల సంగతి.

యజమానుల మాట కూడా చెప్పాలి. వాళ్లని దుర్మార్గులుగా చూపిస్తే నేను మా ఊరికే అన్యాయం చేసినవాణ్ణవుతాను. పొలం కౌలుకిచ్చేవారంతా వందల ఎకరాల జమీందార్లు కారు. భర్త పోయి, ఎకరన్నర కౌలు మీద బతుకుతున్న ముసలమ్మలున్నారు. ఆ 30 బస్తాలే ఆమెకి తిండి, మందులు. మా గుంటూరు వైపు ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం రాసివ్వడం పెద్ద ఆచారం. పిల్ల అత్తారింటికి వెళుతుంది, అక్కణ్ణుంచి అల్లుడి ఉద్యోగం వెంట ఏ సియాటిల్‌కో వెళుతుంది. పొలం ఇక్కడే ఉంటుంది. పుట్టింటి నుంచి తనకంటూ వచ్చింది అదొక్కటే. దాన్ని పోగొట్టుకోకూడదన్న ఆరాటాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

ఆ ఆరాటానికి చట్టంలో కూడా కొంత మూలం ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలు కనీసం ఆరేళ్లు ఉండాలంది, కాగితం మీద రాసుకోవాలంది, కౌలు ఇంతకు మించకూడదని హద్దు పెట్టింది. కౌలుదారుని కాపాడాలని తెచ్చిన చట్టం. భూమి ఉన్నవాళ్లు దాన్ని చూసి బెదిరారు. కాగితం రాస్తే కదా చిక్కు, రాయకుండా ఉంటే పోలా అనుకున్నారు. ఏటేటా కౌలుదారుని మార్చడం, అంతా నోటిమాట మీద నడపడం అలవాటైంది. కోర్టుకెక్కితే పొలం తిరిగి రాదన్న మాట మా ఇళ్లలో తాతల నుంచి మనవల దాకా దిగింది. ఆ మనవలు ఇప్పుడు అమెరికాలో ఉన్నా ఆ మాట వాళ్ల వెంటే ఉంది.

ఆ భయం తీర్చడానికే తరవాతి చట్టాలు వచ్చాయి.  2011లో సాగుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటే ఊళ్లో విచారించి ఏడాదికి కార్డు ఇవ్వాలన్నది దాని పద్ధతి. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఈ చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే. భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ రాదని, పంట మీదే హక్కని అందులో స్పష్టంగా ఉంది. కాని ఒక మెలిక పడింది. యజమాని సంతకం ఉంటేనే కార్డు. భయపడేవాడి భయం తీర్చబోయి, తాళంచెవి ఆ భయపడేవాడి చేతికే ఇచ్చినట్టయింది. నా ఉద్దేశంలో ఆ చట్టంలో పెద్ద లోపం ఇదే. పొలం ఎవరు చేస్తున్నారో ఊరంతటికీ తెలుసు. కాలవ నీళ్ల వంతు దగ్గర తెలుసు, ఎరువుల కొట్టులో తెలుసు, కూలీల మేస్త్రీకి తెలుసు. ఊళ్లో పదిమందిని అడిగితే తేలిపోయే సంగతికి ఎక్కడో ఉన్నవారి సంతకం దాకా పోవడం ఎందుకు?

పశ్చిమ బెంగాల్లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు అధికారులు ఈ పనే చేశారు. సాయంత్రం పూట ఊళ్లలో శిబిరాలు పెట్టి, పొలం ఎవరు చేస్తున్నారో పదిమంది ముందు అడిగి రాసుకున్నారు. దాదాపు 14 లక్షల మంది వాటాదార్ల పేర్లు రికార్డులకెక్కాయి. అక్కడి పద్ధతి పంటలో పాలు, ఇక్కడ మక్తా. చట్టాలు వేరు, కాలం వేరు. అయినా ఊరినే సాక్షిగా పెట్టుకోవచ్చన్నది అక్కడ ఆచరణలో తేలింది.

మన దగ్గర యజమానుల భయం తగ్గకపోగా ఈ పదేళ్లలో పెరిగింది. అమరావతికి 2015లో భూసమీకరణ మొదలయ్యాక చుట్టుపక్కల అంతా భూమి ధరలు లేచాయి, ఆ వేడి మా తెనాలి వైపూ తగిలింది. అంతకుముందు పంట ఎంత వస్తుందని పొలాన్ని చూసేవారు. ఇప్పుడు ఎకరం ఎంత పలుకుతుందని చూస్తున్నారు. కోట్ల మాట వినపడుతున్నప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. రాజధాని ఊళ్లలో కూడా చూడండి. భూమి ఇచ్చినవారికి కౌలు పేరుతో ఏటా ఎకరాకి ఇంతని డబ్బు వచ్చింది, ప్లాట్లు వచ్చాయి. ఆ పొలాలు చేసి బతికి, తమకంటూ సెంటు భూమి లేనివారికి నెలకి 2,500 రూపాయల పింఛను వచ్చింది. ఆ భూమిని తెలిసినవారు వాళ్లే. విత్తు ఎప్పుడు పడాలో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో ఎరిగినవారు.

ఇక్కడ నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి చెబుతాను. కాగితం ఎందుకు రాసుకోరని అడిగితే మా ఊళ్లో ఎవరైనా, "మాకూ మాకూ నమ్మకం అండీ" అంటారు. ఆ మాట నాకు ఇష్టం. నోటిమాట మీద లక్షల రూపాయల వ్యవహారం నడిచే సమాజంలో పుట్టి పెరిగాను, దాని విలువ తెలుసు. కాని ఆ నమ్మకం ఎటు నుంచి ఎటు పోతోంది? తన అప్పు, తన ఇంట్లోవాళ్ల రెక్కల కష్టం, భార్య మెళ్లో బంగారం, అన్నీ ఇంకొకరి పొలంలో పోసి, ధాన్యం డబ్బు వాళ్ల ఖాతాలో పడితే తనకి ఇస్తారని కౌలుదారు నమ్ముతున్నాడు. పదకొండు నెలల కాగితం మీద సంతకం పెడితే వీడు నా పొలం కాజేస్తాడేమోనని యజమాని అనుకుంటున్నాడు. ఒకవైపు నుంచే నడిచే నమ్మకం అది. కౌలుదారు నమ్మక చేసేదేముంది? అతనికి వేరే దారి లేదు.

ఆ దారి లేనితనం చాలా దూరం తీసుకుపోతుంది. అప్పుల పాలై కౌలు రైతు ప్రాణం తీసుకుంటే, ప్రభుత్వ సాయం కోసం భార్య ఆఫీసుకి వెళ్లాలి. తన భర్త రైతేనని అక్కడ రుజువు చూపించాలి. పొలం ఆయన పేరున లేదు, కౌలు కాగితం లేదు, అప్పు నోటు ప్రైవేటుది. ఆమె కూడా ఆ చేలోనే నాట్లు వేసింది, కలుపు తీసింది. ఆమె పేరు ఏ కాగితం మీదా అసలే లేదు.

ఇదే నేల రైతు కోసం పెద్ద మాటలు మాట్లాడిన నేల. 1921-22లో పెదనందిపాడు రైతులు పన్ను కట్టబోమని నిలబడ్డారు. నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి ఊరు. అప్పట్లో పొలం ఉన్నవాడే దున్నేవాడు కూడా, ఎక్కువ ఇళ్లలో. ఆ కుటుంబాలే చదువుకుని, ఉద్యోగాలకి వెళ్లి, పొలాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాయి. చదువుకోవడం మంచిదే, వెళ్లడమూ మంచిదే. మా బడి నుంచి ఎంతమందిని అట్లా పంపామో, అందరినీ చూసి సంతోషించాను. అయితే తాతల నాటి రైతు గౌరవం పాసు పుస్తకంతో పాటు వాళ్ల వెంట వెళ్లిపోయింది, రైతు కష్టం మాత్రం కౌలుదారు దగ్గర ఉండిపోయింది. సంక్రాంతికి వచ్చి చేలో నిలబడి ఫొటో దిగేటప్పుడు మనం రైతుబిడ్డలమే. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది కాబట్టే, రైతుబిడ్డ ఇంకొక రైతు పంట సాయాన్ని తన ఖాతాలో ఉంచుకోగలడా అని అడుగుతున్నాను.

మా వీధిలో ఇందాక నేను చెప్పినట్టు ఎకరన్నర ఉన్న పెద్దావిడ ఒకరున్నారు. కార్డు సంగతి వచ్చినప్పుడు ఆవిడ నన్ను పిలిపించి, "అన్నయ్యగారూ, సంతకం పెడితే పొలం పోతుందా? నిజం చెప్పండి" అన్నారు. చట్టంలో ఏముందో చదివి వినిపించాను. పదకొండు నెలలని, పంట మీదే హక్కని రెండుసార్లు చదివించుకున్నారు. "ఈ మాట మాకెవరూ చెప్పలేదే" అన్నారు. పెట్టారు. చదువుకున్న పిల్లలు తల్లిదండ్రులకి, తల్లిదండ్రులు దూరంలో ఉన్న పిల్లలకి, ఈ ఒక్క పేరా చదివి వినిపించగలిగితే చాలా ఊళ్లలో చాలా సంతకాలు పడతాయని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. చట్టం మారాలని నేను కోరుతూనే ఉంటాను. యజమాని సంతకం లేకపోయినా ఊరి విచారణతో కార్డు ఇవ్వాలి, కౌలుదారుకి తక్కువ వడ్డీకి అప్పు దొరకాలి, సాయం ఏదైనా ఈ-పంటలో పేరున్న సాగుదారుకే చేరాలి. అవి ప్రభుత్వం చేయాల్సినవి. సంతకం మటుకు మన చేతుల్లోనే ఉంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు దాటింది. తుపాన్లు ఆగవు. కాలవలకి నీళ్లు వదిలే రోజులు ఏటా వస్తాయి, నారుమళ్లు పడతాయి, కార్డులు రాసే రోజులూ అప్పుడే వస్తాయి. దూరంలో ఉండి ఈ మాటలు వింటున్నవారు, ఇక్కడ వారికి బంధువులైనవారు, ఈసారి ఫోన్లో పొలం సంగతి మాట్లాడుకునేటప్పుడు కౌలు ఎన్ని బస్తాలన్నదానితో పాటు మూడు విషయాలు అడగండి. మన పొలం చేస్తున్నవారి పేరేమిటి? ఈ ఏడు వారికి కార్డు అందిందా? పోయిన తుపాను డబ్బు వారికి చేరిందా? చేరకపోతే ఆ డబ్బు ఇవాళైనా పంపవచ్చు.